గదీ కావాలి, కిటికీ బయటి వీధీ కావాలి: హెచ్‌డీఆర్ ఫోటోల ప్రాజెక్టు డైరీ

నల్లకుంటలోని మా పాత ఇంటిని త్వరలో బిల్డర్‌కు అప్పగించబోతున్నాం. షాబాద్ బండల నేల, కర్ర దూలాలు, వీధి వైపు రెండు రెక్కల కిటికీ ఉన్న ఆ హాలును కంటికి ఆనినట్టు ఫోటో తీసి ఉంచుకోవాలన్నది ఈ పని. గదికి సరిపడా వెలుతురు తీసుకుంటే కిటికీ తెల్ల కాగితమవుతుంది, కిటికీకి సరిపడా తీసుకుంటే గది బొగ్గవుతుంది. ఒకే దృశ్యాన్ని వేర్వేరు ఎక్స్‌పోజర్లతో (సెన్సర్‌కు అందే వెలుతురు మోతాదులతో) తీసి కలపడమే హై డైనమిక్ రేంజ్, అంటే హెచ్‌డీఆర్. ఇలాంటి పని పెట్టుకునే వారికి పనికొస్తుందని కొలతలూ తప్పులూ జరిగిన వరుసలోనే రాస్తున్నాను.

చేతిలో ఉన్న సామాను: ఏపీఎస్-సీ సెన్సర్‌తో 24 మెగాపిక్సెళ్ల పాత డీఎస్‌ఎల్‌ఆర్, దానితో వచ్చిన 18-55 లెన్సు, తేలికపాటి అల్యూమినియం ట్రైపాడ్, 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్. కెమెరాలో ఆటో బ్రాకెటింగ్ ఉంది. ఒక్క నొక్కుకు మూడు ఫ్రేములు తీస్తుంది, వాటి మధ్య ఎడం గరిష్ఠంగా రెండేసి స్టాపులు. ఒక స్టాపు పెరిగితే వెలుతురు రెండింతలవుతుందన్న ఒక్క మాట గుర్తుంచుకుంటే కింది లెక్కలన్నీ అర్థమవుతాయి.

దశ 1: హాలు, మొదటి ఆదివారం, ఉదయం 11 గంటలు

బ్రాకెటింగ్‌ను ±2 దగ్గర పెట్టి, మిగిలినదంతా కెమెరాకే వదిలేసి నాలుగు సెట్లు తీశాను. నాలుగూ పోయాయి, ఒక్కొక్కటి ఒక్కో కారణంతో.

మొదటి సెట్‌లో ఆటో ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వాన్ని కెమెరానే మార్చుకోవడం) ఆన్‌లో ఉండిపోయింది. కెమెరా షట్టర్ వేగాన్ని మార్చాల్సిన చోట ఐఎస్‌ఓను పెంచడంతో, నీడల వివరాలు ఇవ్వాల్సిన ప్రకాశవంతమైన ఫ్రేమే గరుకుగా, చుక్కలు చుక్కలుగా వచ్చింది. రెండో సెట్‌లో మోడ్ డయల్ ప్రోగ్రామ్ మీద ఉంది కాబట్టి ఫ్రేము ఫ్రేముకూ ఎపర్చర్ (లెన్సు రంధ్రం వెడల్పు) మారింది. ఒకదానిలో వెనక గోడ గడియారం స్పష్టంగా, మరొకదానిలో మసకగా ఉంటే ఏ సాఫ్ట్‌వేర్ మాత్రం ఏం కలుపుతుంది? మూడో సెట్‌లో ఆటో ఫోకస్ ఫ్రేముల మధ్య మళ్లీ వెతుక్కుంది. ఫోకస్ కొద్దిగా జరిగినా బొమ్మ పరిమాణం రవ్వంత మారుతుంది, దాంతో కిటికీ చువ్వలు రెండేసిగా కనిపించాయి.

నాలుగో సెట్ అసలు పాఠం. అప్పటికి పై మూడు తప్పులూ దిద్దుకుని ఐఎస్‌ఓ 100, ఎపర్చర్ ఎఫ్/8, మాన్యువల్ ఫోకస్ పెట్టుకున్నాను. ఫ్రేము మొత్తాన్ని చూసిన కెమెరాలోని వెలుతురు మీటరు 1/8 సెకను చెప్పింది. దాని చుట్టూ బ్రాకెట్ చేస్తే 1/30, 1/8, 1/2 సెకన్ల ఫ్రేములు వచ్చాయి. చూడటానికి మూడూ పద్ధతిగానే ఉన్నా, కిటికీ మాత్రం మూడింటిలోనూ తెల్లగానే ఉంది. ఏ ఫ్రేములోనూ లేని వివరం కలిపినంత మాత్రాన పుట్టదు. చెరువులో లేని నీళ్లు కాలువలోకి రావు కదా. బ్రాకెట్ వెడల్పు చాలకపోవడం కాదు, బ్రాకెట్‌నే తప్పు చోట పాతాను. గది విస్తీర్ణం ఎక్కువ, కిటికీ చిన్నది కాబట్టి మీటరు గది మాటే విన్నది.

ఇప్పటివరకు: ఫ్రేములు 12, నిలిచిన ఫోటోలు 0, ఖర్చు 0.

దశ 2: తీసే ముందు కొలవడం

కొలవాల్సినవి రెండు: దృశ్యంలో వెలుతురు ఎన్ని స్టాపుల మేర పరుచుకుని ఉంది, నా కెమెరా ఒక్క ఫ్రేములో ఎన్ని స్టాపులు మోయగలదు. రెండోది కరపత్రంలో చూసి నమ్మకుండా ఇంట్లోనే తేల్చుకున్నాను, ఎందుకంటే ప్రయోగశాల అంకెలో చివరి రెండు మూడు స్టాపులు గరుకుతో నిండి ఉంటాయి, ఆ గరుకును భరించడం నా కంటికి చేతకాదు.

కెమెరా పరీక్ష ఇలా చేశాను.

1. ఎండ నేరుగా పడని తెల్ల గోడకు ఒక పాత తువ్వాలు వేలాడదీశాను. గుడ్డకు నేత గీతలుంటాయి కాబట్టి వివరం ఎక్కడ పోయిందో తెలుస్తుంది.
2. తువ్వాలును స్పాట్ మీటరింగ్‌తో (ఫ్రేములో చిన్న భాగాన్ని మాత్రమే కొలిచే పద్ధతితో) కొలిచి, మీటరు చెప్పిన విలువను సున్నా అనుకున్నాను.
3. షట్టర్ వేగం మాత్రమే మారుస్తూ −7 నుంచి +5 వరకు ఒక్కో స్టాపు ఎడంతో 13 ఫ్రేములు రా ఫైళ్లుగా (సెన్సర్ చదివినది చదివినట్టు ఉంచేవి), జేపెగ్‌లుగా తీశాను.
4. ఒక్కో ఫ్రేమును డార్క్‌టేబుల్ అనే ఫోటో సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ సున్నా స్థాయికి తెచ్చి, నేత ఎక్కడి వరకు కనిపిస్తుందో చూశాను.

రా ఫైలులో +3 వరకు నేత మిగిలింది, +4లో పోయింది. కింది వైపు −5 వరకు పరవాలేదు, −6లో ఆకుపచ్చ, ఊదా మచ్చలు మొదలయ్యాయి. అంటే నా కెమెరా నాకు పనికొచ్చేలా మోయగలిగింది 8 స్టాపులు. జేపెగ్‌లో అది పైకి రెండు, కిందికి మూడున్నర దగ్గరే ఆగిపోయింది. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి, నా కెమెరా 14 బిట్ల రా ఫైలులో 16,384 ఉంటాయి. ఆ రోజు నుంచి జేపెగ్ ఆపేశాను.

తర్వాత హాలు. ఎఫ్/8, ఐఎస్‌ఓ 100 దగ్గర స్పాట్ మీటరుతో రెండే చోట్ల చదివాను. కిటికీలోంచి కనిపించే ఎదురింటి సున్నపు గోడ మీద ఎండ 1/1600 సెకను చెప్పింది, బీరువా పక్క మూల 2.5 సెకన్లు చెప్పింది. 1/1600 నుంచి రెట్టింపు చేస్తూ పోతే పన్నెండో మెట్టులో 2.5 వస్తుంది. అంటే ఆ రెండు చోట్ల మధ్య వెలుతురు తేడా 12 స్టాపులు, సుమారు 4,096 రెట్లు.

ఇక మిగిలింది చేతి లెక్క. మీటరు చెప్పిన విలువ ఆ వస్తువును నడిమి బూడిద రంగులో చూపించే విలువ. సున్నపు గోడను దానికంటే 3 స్టాపుల వరకు ఎక్కువ వెలుతురుగా తీయవచ్చు, కాబట్టి అతి పొట్టి ఎక్స్‌పోజర్ 1/200 చాలు. మూలను 5 స్టాపుల వరకు ముదురుగా వదలవచ్చు, కాబట్టి అతి పొడవు ఎక్స్‌పోజర్ 1/13 చాలు. 1/200, 1/50, 1/13. రెండేసి స్టాపుల ఎడంతో సరిగ్గా మూడు ఫ్రేములు. మొదటి వారం తీసిన 1/30, 1/8, 1/2 ఎంత దూరాన పడ్డాయో పక్కన పెట్టి చూస్తే నవ్వొచ్చింది.

సూత్రంగా రాసుకున్నది: దృశ్యం స్టాపుల్లోంచి కెమెరా స్టాపులు తీసేసి, బ్రాకెట్ ఎడంతో భాగించి, వచ్చినదాన్ని పై పూర్ణాంకానికి సవరించి ఒకటి కలపాలి. ఇక్కడ 12లోంచి 8 పోతే 4, దాన్ని 2తో భాగిస్తే 2, ఒకటి కలిపితే 3. భాగించబోయే సంఖ్య సున్నా లేదా అంతకంటే తక్కువైతే ఒక్క ఫ్రేము చాలు, బ్రాకెట్ అక్కర్లేదు. ఈ చివరి వాక్యాన్ని నేను రాసుకుని మరీ మరిచిపోయాను, ఆ సంగతి దశ 6లో వస్తుంది.

లెక్క ప్రకారం మూడు ఫ్రేములు తీస్తే కిటికీ దొరికింది, మూల దొరికింది. కానీ కలిపిన ఫోటోలో ఫ్యాను ఉండాల్సిన చోట పొగ ఉంది.

ఇప్పటివరకు: ఫ్రేములు 28, నిలిచిన ఫోటోలు 0, ఖర్చు 0.

దశ 3: కదలిక

సీలింగ్ ఫ్యాను ఐదు మీద ఉంటే నిమిషానికి సుమారు 350 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 2,100 డిగ్రీలు. 1/200 ఫ్రేములో రెక్క పది డిగ్రీలు మాత్రమే జరుగుతుంది కాబట్టి మూడు రెక్కలూ విడివిడిగా కనిపిస్తాయి. 1/13 ఫ్రేములో 160 డిగ్రీలు తిరుగుతుంది, అక్కడ ఉన్నది పల్చటి చక్రం. ఈ రెండిటినీ కలిపితే చక్రంలోంచి రెక్కల దయ్యాలు తొంగిచూస్తాయి. కదిలే వాటిని ఒకే ఫ్రేము నుంచి తీసుకునే సౌకర్యం కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఉంది గానీ, స్విచ్చు ఆపడం అంతకంటే తేలిక. తేలిక అని నేను అనుకున్నాను. "ఏప్రిల్ నెలల ఫ్యాను బంద్ చేసి ఫోటోలేందిరా" అని అమ్మ అడిగిన ప్రశ్నకు సమాధానంగా, అన్నీ సిద్ధం చేసుకుని చివరి నిమిషంలో మాత్రమే ఆపుతానని ఒప్పందం కుదిరింది.

ఫ్యాను కనిపించే దయ్యం. కనిపించనిది ట్రైపాడ్ వణుకు. ఆరు సెట్లు తీసి, ప్రతి సెట్‌లోని 1/13 ఫ్రేమును గడియారం అంకెల దగ్గర వంద శాతానికి పెంచి చూశాను.

1. మధ్య కడ్డీ పూర్తిగా పైకెత్తి, వేలితో నొక్కినది: అంకెలు చదవలేం.
2. కడ్డీ అలాగే ఉంచి, రెండు సెకన్ల టైమరు: కొంత నయం.
3. కడ్డీ దించి, టైమరు: అంకెలు చదవగలం, అంచులు మెత్తగా ఉన్నాయి.
4. కడ్డీ దించి, కింది కొక్కేనికి రెండు లీటర్ల నీళ్ల సీసా కట్టి, కేబుల్ రిమోట్‌తో, లైవ్ వ్యూలో: అంచులు స్పష్టం.
5. నాలుగో పద్ధతే, ఫ్యాను ఆపి: ఫ్యాను స్పష్టం, కర్టెన్ అంచు మాత్రం రెండుగా ఉంది.
6. ఫ్యాను ఆపి, కర్టెన్ కట్టేసి: నిలిచింది.

లైవ్ వ్యూ ఎందుకంటే, అందులో అద్దం ముందే పైకి లేచి ఉంటుంది. మామూలుగా షట్టరు ముందు అద్దం ఎగిరి కొట్టే దెబ్బ సుమారు 1/60 నుంచి అర సెకను వరకు ఉన్న వేగాల్లో బాగా కనిపిస్తుంది, హెచ్‌డీఆర్‌లో పొడవైన ఫ్రేములు పడేది సరిగ్గా అక్కడే. సీసాను కట్టేటప్పుడు గాలికి ఊగకుండా నేలకు కొద్దిగా ఆనేలా వదలాలి. ఊగే బరువు ఉన్న వణుకుకు తోడు మరో వణుకు. లెన్సులో వణుకు తగ్గించే మీట ఉంటే ట్రైపాడ్ మీద దాన్ని ఆపేయాలి. నాది ఆపిన తర్వాతే పై ఆరు సెట్లూ తీశాను.

కేబుల్ రిమోట్ కోఠి గుజరాతీ గల్లీలో 450 రూపాయలకు దొరికింది. టైమరుతోనే మూడు ఫ్రేములూ వరుసగా తీసే కెమెరా ఉన్నవారికి ఇది లేకపోయినా నడుస్తుంది.

ఇప్పటివరకు: ఫ్రేములు 46, నిలిచిన ఫోటోలు 1, ఖర్చు రూ. 450.

దశ 4: పూజ గది, ఎల్ఈడీ, దీపం

హాలు పద్ధతినే పూజ గదికి వాడితే మూడు ఫ్రేములు మూడు రకాల వెలుతురుతో వచ్చాయి. పొట్టి ఫ్రేములో గోడ మీద అడ్డ పట్టీలు పడ్డాయి. కెమెరా చెడిందేమోనని ఒక సాయంత్రమంతా అనుమానపడ్డాను.

నేరం బల్బుది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక ఎల్ఈడీ సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. 1/100 కంటే పొట్టి ఎక్స్‌పోజర్ ఒక మిణుకులో ఏ భాగాన పడితే ఆ భాగం వెలుతురే తీసుకుంటుంది. ఇంకా వేగం పెరిగితే షట్టరు పూర్తిగా తెరుచుకోదు, ఒక సన్నని చీలిక సెన్సర్ మీదుగా జరుగుతుంది, అందుకే పట్టీలు. నిర్ధారించుకోవడానికి ఒకే అమరికతో 1/200 దగ్గర ఐదు, 1/50 దగ్గర ఐదు ఫ్రేములు తీశాను. 1/200లో ఐదూ ఐదు రకాలుగా ఉన్నాయి, 1/50లో ఐదిటి హిస్టోగ్రామ్‌లూ (వెలుతురు పంపిణీ గ్రాఫులు) ఒకదానిపై ఒకటి సరిపోయాయి. 1/50 అంటే సరిగ్గా రెండు మిణుకులు. బల్బు వెలుగులో తీయక తప్పకపోతే ఎపర్చర్‌నో ఐఎస్‌ఓనో సర్దుకుని అతి పొట్టి ఫ్రేమును 1/50 దగ్గరకో 1/100 దగ్గరకో తేవాలి.

నేను బల్బు ఆపేసి దీపం పెట్టాను. అక్కడ ఇంకో పొరపాటు. మంటను స్పాట్ మీటరుతో కొలిస్తే 1/60 వచ్చింది, అది నమ్మి తీస్తే మంట అంతా తెల్ల చుక్క. స్పాట్ అనే పేరు చూసి సూదిమొన అనుకుంటాం. నా కెమెరాలో అది ఫ్రేములో సుమారు నాలుగు శాతం. దీపం మంట అంత కూడా లేదు, కాబట్టి మీటరు మంటతో పాటు వెనకున్న చీకటినీ కలిపి సగటు చెప్పింది. లెన్సును 55 దగ్గరకు జూమ్ చేసి, మంట ఆ వృత్తాన్ని నింపేంత దగ్గరకు వెళ్లి కొలిస్తే 1/1000 వచ్చింది. విగ్రహాల వెనక మూల 8 సెకన్లు. మధ్య తేడా 13 స్టాపులు.

సూత్రం ప్రకారం 13లోంచి 8 పోతే 5, రెండుతో భాగించి పైకి సవరిస్తే 3, ఒకటి కలిపితే 4 ఫ్రేములు: 1/125, 1/30, 1/8, 1/2. కెమెరా మూడే ఇస్తుంది కాబట్టి నాలుగోది డయల్ తిప్పి విడిగా తీయాల్సి వచ్చింది. డయల్ ముట్టుకున్నందుకు వచ్చిన రెండు మూడు పిక్సెళ్ల జరుగుదలను తర్వాత సాఫ్ట్‌వేర్ సరిదిద్దింది. మంట మాత్రం ప్రతి ఫ్రేములోనూ వేరే ఆకారంలో ఉంది. దానికి ఆటోమేటిక్ వైద్యం ఏదీ నచ్చలేదు. కలిపిన ఫోటో మీద 1/125 ఫ్రేమును గింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో రెండో పొరగా పెట్టి, మంట వరకే మెత్తటి బ్రష్‌తో తెరిచాను. పది నిమిషాల పని.

మిణుకు పరీక్షకు 10, బల్బుతో పాడైనవి 3, దీపంతో మూడు సెట్లు 12. ఇప్పటివరకు: ఫ్రేములు 71, నిలిచిన ఫోటోలు 2, ఖర్చు రూ. 450.

దశ 5: కలపడం

ఫోటోలు తీయడం కంటే ఇక్కడే ఎక్కువ సమయం పోయింది, 11 గంటలు. అందులో ఎనిమిది గంటలు తప్పు దారిలో.

రెండు దారులున్నాయి, పేరొకటే కావడంతో తికమక. మొదటిది నిజమైన హెచ్‌డీఆర్. ఫ్రేములన్నిటి నుంచి దృశ్యంలోని అసలు వెలుతురు విలువలను లెక్కకట్టి 32 బిట్ల ఫైలుగా పెట్టుకుంటారు. మామూలు ఫోటోల నుంచి కెమెరా స్పందన వక్రాన్ని రాబట్టి ఇలా లెక్కకట్టే పద్ధతిని డెబెవెక్, మాలిక్ 1997లో ప్రచురించారు. ఆ ఫైలును మామూలు తెర పూర్తిగా చూపలేదు కాబట్టి తర్వాత టోన్ మ్యాపింగ్‌తో కుదించాలి. రెండో దారి ఎక్స్‌పోజర్ ఫ్యూజన్. మెర్టెన్స్, కౌట్జ్, వాన్ రీత్ 2007లో వివరించిన ఈ పద్ధతిలో వెలుతురు లెక్కే ఉండదు. ప్రతి పిక్సెల్‌కూ ఏ ఫ్రేములో బాగా వచ్చిందో చూసి, దానికి ఎక్కువ తూకమిచ్చి నేరుగా కలిపేస్తారు. 32 బిట్ల ఫైలు, కుదింపు, రెండూ ఉండవు. (కెమెరాలు పుట్టిన కొత్తలోనే ఈ బాధ ఉంది. ఫ్రాన్సులో గుస్తావ్ ల గ్రే 1850లలో ఆకాశానికొకటి, సముద్రానికొకటి చొప్పున నెగెటివ్‌లు తీసి ఒకే కాగితం మీద అచ్చు వేశాడు.)

నేను మొదటి దారితో మొదలుపెట్టాను, పేరు గంభీరంగా ఉంది కనుక. లూమినెన్స్ హెచ్‌డీఆర్ అనే సాఫ్ట్‌వేర్‌లో హాలు ఫ్రేములు కలిపితే 24 మెగాపిక్సెళ్లకు, మూడు రంగులకు, ఒక్కో విలువకు 4 బైట్ల చొప్పున ఒక్క 32 బిట్ల టిఫ్ ఫైలే 288 ఎంబీ అయింది, ల్యాప్‌టాప్ చాలాసేపు నిలిచిపోయింది. తర్వాత ప్రయోగాలను బొమ్మను నాలుగో వంతుకు కుదించి చేసుకున్నాను, ఇది మొదటి రోజే చేయాల్సింది. అందులోని టోన్ మ్యాపింగ్ పద్ధతుల్లో ఫట్టల్ పేరుతో ఉన్నది గోడ మీది ప్రతి పెచ్చునూ, దానితో పాటు గరుకునూ పైకి లేపింది. మాంటియుక్ పద్ధతిలో కాంట్రాస్టు జారుడును (స్లైడర్‌ను) కొంచెం ఎక్కువ లాగితే కిటికీ చుట్టూ గోడ మీద వెలుగు వలయం, దేవుడి పటాల్లో తల వెనక వేసే చక్రంలా. రీన్‌హార్డ్ పద్ధతి మెత్తగా, సహజంగా ఉంది గానీ కిటికీ బయట రంగులు పాలిపోయాయి. జారుళ్లన్నీ ఓపికగా సర్దితే మూడింటితోనూ మంచి ఫలితం రాబట్టవచ్చు. నాకు ఆ ఓపిక లేదు, ఇంటిలో ఇంకా తీయాల్సిన గదులున్నాయి.

రెండో దారిలో స్థిరపడిన వరుస ఇది.

1. డార్క్‌టేబుల్‌లో మూడు రా ఫైళ్లకూ ఒకే వైట్ బ్యాలెన్స్ పెట్టాలి, ఎక్స్‌పోజర్ ముట్టుకోకూడదు, లెన్సు వంపు సరిదిద్దాలి.
2. 16 బిట్ల టిఫ్‌లుగా ఎగుమతి చేయాలి. ఒక్కోటి సుమారు 144 ఎంబీ.
3. హ్యూగిన్ అనే సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే అలైన్ ఇమేజ్ స్టాక్‌తో ఒకదానిపై ఒకటి సరిపెట్టాలి.
4. ఎక్స్‌పోజర్ ఫ్యూజన్ చేసే ఎన్‌ఫ్యూజ్‌తో కలపాలి.
5. వచ్చిన ఫోటోకు చివరగా కాంట్రాస్టు కొంచెం పెంచాలి, ఎందుకంటే ఫ్యూజన్ ఫలితం ఎప్పుడూ కొద్దిగా చప్పగా ఉంటుంది.

ఎన్‌ఫ్యూజ్ ముందుగా పెట్టి ఇచ్చే తూకాలు ఎక్స్‌పోజర్‌కు 1, రంగు గాఢతకు 0.2, కాంట్రాస్టుకు 0. వాటిని అలాగే ఉంచి ఒక్కటే మార్చాను. బాగా వచ్చిన పిక్సెల్ అంటే 0.5 దగ్గర, సరిగ్గా నడిమి బూడిద దగ్గర ఉన్నదని అది అనుకుంటుంది. అలా అనుకోవడం వల్ల బీరువా మూల కూడా కూర్చునే చోటంత వెలుతురుగా మారి, ట్యూబులైట్లు పెట్టిన బట్టల దుకాణంలా ఉంది. 0.5ను 0.4కు దించితే మూల మూలలా, కిటికీ పక్క వెలుతురు వెలుతురులా నిలిచాయి. అమ్మకు రెండూ చూపిస్తే 0.4దే మా ఇల్లు అంది.

ఇప్పటివరకు: ఫ్రేములు 71, నిలిచినవి 2, ఖర్చు రూ. 450, ల్యాప్‌టాప్ ముందు 11 గంటలు.

దశ 6: బయట

పద్ధతి ఇంటి బయట నిలుస్తుందో లేదో చూడటానికి ఇబ్రహీంబాగ్‌లోని కుతుబ్ షాహీ సమాధులకు వెళ్లాను. అంతకు ముందే ఇంకో పాత కట్టడంలో ట్రైపాడ్‌ను గేటు దగ్గరే వదిలి వెనక్కి రావాల్సి వచ్చింది, తప్పు అడగకుండా తీసుకెళ్లిన నాదే. అందుకని ఈసారి ట్రైపాడే తీసుకెళ్లలేదు. కిలో పెసలు పోసి కుట్టించిన గుడ్డ సంచి పట్టుకెళ్లాను. సంచికి, కుట్టు కూలికి కలిపి 60 రూపాయలు, పెసలు ఇంట్లోవే. గడప మీదో, గోడ అంచు మీదో సంచి వేసి, కెమెరాను అందులోకి గుచ్చినట్టు కూర్చోబెడితే 1/15 వరకు కదలలేదు. సంచి ఎంత అనువుగా ఉన్నా సమాధి రాతి మీద మాత్రం పెట్టవద్దు, అది సామాను పెట్టే బల్ల కాదు.

లోపలి సమాధి నునుపైన నల్లరాయి. అతి ముదురు వస్తువు కనుక నీడల అంచనాకు దాన్నే కొలిచాను, కొలిచిన ప్రతిసారీ వేరే అంకె వచ్చింది. రాయి అద్దంలా గుమ్మాన్ని చూపిస్తోంది, మీటరు రాతిని కాక ప్రతిబింబాన్ని కొలుస్తోంది. ప్రతిబింబం పడని పక్కకు జరిగి కొలిస్తే ఒక సెకను. బయట ఎండలో ఉన్న సున్నపు గారకు 1/1000. తేడా 10 స్టాపులు, సూత్రం ప్రకారం రెండు ఫ్రేములే చాలు. కెమెరా ఎలాగూ మూడు తీస్తుంది కాబట్టి 1/250, 1/60, 1/15 పెట్టి రెండు వైపులా ఒక్కో స్టాపు వెసులుబాటు ఉంచుకున్నాను. తొమ్మిది సెట్లలో ఆరు సందర్శకుల నడకతో పోయాయి, మూడు నిలిచాయి. ఆదివారం మధ్యాహ్నం వెళ్లడం నా తెలివితక్కువతనం, పని రోజు ఉదయం తెరిచిన వెంటనే వెళ్లి ఉంటే బాగుండేది.

అదే రోజు సాయంత్రం ట్యాంక్‌బండ్. హుస్సేన్ సాగర్ మధ్యన బుద్ధ విగ్రహం, వెనక పడమటి ఆకాశం. చూడగానే ఇది హెచ్‌డీఆర్ దృశ్యమే అనిపించింది, కొలవకుండానే నాలుగు సెట్లు తీసేశాను. నాలుగూ పోయాయి. అలలు మూడు ఫ్రేముల్లో మూడు చోట్ల ఉన్నాయి కాబట్టి నీళ్లు మైనంలా తయారయ్యాయి. కొంగ ఒకటి మూడు కొంగలైంది. రెయిలింగు మీద వేసిన పెసల సంచి, వెనక బస్సు వెళ్లినప్పుడల్లా వణికింది. పైగా కలిపిన ఫోటోలో చీకటి పడుతున్న వేళ విగ్రహం మధ్యాహ్నంలా వెలిగిపోతోంది.

అప్పుడు కొలిచాను. సూర్యుడికి కొంచెం పక్కన ఆకాశం 1/2000, విగ్రహం నీడ వైపు 1/15, మధ్య తేడా 7 స్టాపులు. నా కెమెరా ఒక్క ఫ్రేములో మోసేది 8. బ్రాకెట్ అవసరమే లేదు. ఆకాశం 1/2000 కనుక దాన్ని 3 స్టాపులు ఎక్కువ వెలుతురుగా చూపే 1/250 వరకు వెళ్లవచ్చు. తీసిన సెట్లలో 1/250 ఫ్రేము ఉంది, దాన్ని ఒక్కదాన్నే తెరిచి నీడలను కాస్త పైకి లాగితే చాలింది. సూర్యబింబం తెల్లగానే మిగిలింది, అది తెల్లగా ఉంటేనే సూర్యుడు. కొలిచేటప్పుడు సూర్యుడిని వ్యూఫైండర్‌లోంచి నేరుగా చూడకూడదు, లెన్సు ఎండను కంటి మీదకు పోగు చేస్తుంది. లైవ్ వ్యూ తెర మీదే చూడాలి, అదీ ఎక్కువసేపు కాదు.

సమాధుల దగ్గర 27, ట్యాంక్‌బండ్ మీద 12. ఇప్పటివరకు: ఫ్రేములు 110, నిలిచినవి 6, ఖర్చు రూ. 510.

దశ 7: మళ్లీ ఇల్లు

మిగిలిన ఐదు చోట్లనూ ఒకే ఉదయం, ముందు కాగితం మీద కొలతలు రాసుకుని, తర్వాతే ట్రైపాడ్ విప్పి తీశాను.

వంటిల్లు 11 స్టాపులు, మూడు ఫ్రేములు సరిపోయాయి (సూత్రం మూడే చెప్పింది). మేడ మెట్లు 12, మూడు ఫ్రేములు. మెట్ల పైనున్న గాజు పెంకు సందులోంచి పడే ఎండ పట్టీ ఐదు నిమిషాల్లోనే జరిగిపోతుంది, కాబట్టి కొలవడానికీ తీయడానికీ మధ్య టీ తాగకూడదు. వరండా 8, నడవ 6, రెండింటికీ ఒక్కో రా ఫ్రేము. పెరడు 10, మూడు ఫ్రేములు తీశాను గానీ వేపకొమ్మ గాలికి ఊగి ఆకులన్నీ పచ్చటి నురగలా కలిసిపోయాయి.

పెరటిని గాలి లేని తెల్లవారుజామున, ఎండ గోడ దిగక ముందు మళ్లీ కొలవాలి. ఆ వేళ తేడా 8కి తగ్గితే ఒక్క ఫ్రేముతో అయిపోతుంది, వేప ఎంత ఊగినా పరవాలేదు.

మొత్తం: ఫ్రేములు 121, నిలిచినవి 10, ఖర్చు రూ. 510. తాళాలు ఇచ్చే లోపు తీయాల్సినది: పెరడు.